ఇంజన్ గురించి రాశారు సరే, ఆ విష్‌బోన్లు ఎలా చేశారో అడగండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో సొంతంగా స్పోర్ట్స్ కార్లు కట్టుకుంటున్న వాళ్ల మీద వచ్చిన కథనం మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఇలాంటి పని గురించి పేపర్లో రావడమే అరుదు, అందుకు ముందుగా థాంక్స్. పాత కారు ఇంజన్ ఎలా దించారో, ఫైబర్ బాడీ ఎలా పోసుకున్నారో, రంగు ఎలా వేశారో, ఎంత స్పీడు పోతుందో అన్నీ రాశారు. సస్పెన్షన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ భాగాలు కూడా వాళ్లే వెల్డింగ్ చేసుకున్నారని ఒక్క వాక్యంతో దాటేశారు. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం గురించే.

నేను ఫ్యాబ్రికేషన్ పనిలో ఉన్నవాణ్ని. ఇలా కార్లు కట్టేవాళ్లకు చక్రాన్ని చాసిస్‌కు పట్టి ఉంచే విష్‌బోన్లు, బ్రాకెట్లు చేసిపెడుతుంటాను, వాళ్లు చేసుకొచ్చినవి చూసిపెడుతుంటాను. ఇవి ఇంట్లో చేయకూడదని చెప్పడం నా ఉద్దేశం కాదు. చేయొచ్చు, ఓపిక ఉంటే చాలా బాగా చేయొచ్చు. కానీ కారులో మిగతా వాటికీ వీటికీ ఒక తేడా ఉంది. ఇంజన్ చెడితే బండి పక్కన ఆగిపోతుంది. గేర్‌బాక్స్ పోతే తోసుకుని ఇంటికి వస్తారు. కింది విష్‌బోన్ తెగిందంటే చక్రం మడత పడుతుంది, దాంతోపాటు బ్రేకు పైపు తెగొచ్చు, స్టీరింగ్ ఎటు తిప్పినా బండి దాని దారిన అది పోతుంది. ఎదురుగా వచ్చేవాడికి ఆ కారు ఎవరు కట్టారో ఎలా కట్టారో ఏమీ తెలియదు, దెబ్బ మాత్రం అతనికీ తగులుతుంది.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇలాంటి కార్లలో ముందు చక్రానికి సాధారణంగా పైన ఒకటి, కింద ఒకటి, ఇంగ్లిష్ 'ఎ' అక్షరం ఆకారంలో రెండు పైపు చట్రాలు ఉంటాయి. వీటినే విష్‌బోన్ అనో, ఎ-ఆర్మ్ అనో అంటారు. వెడల్పుగా ఉన్న వైపు రెండు బుష్‌లతో (లోపల బోల్టు దూరే మెత్తటి గొట్టాలు) చాసిస్‌కు, మొన వైపు బాల్ జాయింట్‌తో (అన్ని వైపులా తిరిగే బంతి కీలు) నకిల్‌కు, అంటే చక్రాన్ని మోసే లోహపు దిమ్మకు, బిగుస్తుంది. నకిల్ మీద హబ్బు, హబ్బు మీద చక్రం. అంటే చక్రం ఎటూ పోకుండా పట్టుకుని ఉండేది ఈ నాలుగు కాళ్లూ, వాటి చివర ఉన్న బోల్టులూ, ఇంకో పక్క స్టీరింగ్ టై రాడ్. అంతే. పైకీ కిందికీ కదలనిస్తూ, మిగతా ఏ దిక్కుకూ కదలనివ్వకుండా పట్టుకోవడం వీటి పని.

దీని మీద ఎంత బలం పడుతుందో ఒక్కసారైనా కాగితం మీద లెక్క వేసుకోవాలి. చాలామంది ఇదే వేయరు. మనిషితో కలిపి 600 కిలోల కారు అనుకుందాం, ముందూ వెనకా బరువు సమానం. గట్టిగా బ్రేకు కొడితే బరువు ముందుకు తూలుతుంది, ఒక్కో ముందు చక్రం మీద సుమారు 200 కిలోలు పడుతుంది, టైరు పట్టు బాగుంటే రోడ్డు కూడా దాదాపు అంతే బలంతో ఆ చక్రాన్ని వెనక్కి లాగుతుంది. సరే, 200 కిలోలే కదా, పైనా కిందా విష్‌బోన్లు చెరి సగం పంచుకుంటాయిలే అనుకుంటారు. పంచుకోవు. ఆ బలం పడేది నేల దగ్గర. కింది బాల్ జాయింట్ నేలకు 150 మి.మీ. ఎత్తులో, పైది 400 మి.మీ. ఎత్తులో ఉందనుకోండి, పై జాయింట్ చుట్టూ తిప్పుడు లెక్క వేస్తే కింది జాయింట్ మీద పడేది 320 కిలోలు. పైది 120 కిలోలతో ఎదురు దిక్కుకు, అంటే ముందుకు, నెట్టబడుతుంది. టైరు దగ్గర పుట్టిన బలం కన్నా కింది జాయింట్ దగ్గర బలం ఒకటిన్నర రెట్లు దాటింది. అదే సమయంలో చక్రం గుంతలో పడితే దీనికి రెండు మూడు రెట్లు వేసుకోవాలి.

ఆ 320 కిలోలు రెండు కాళ్లలోకి ఎలా వెళ్తాయనేది వాటి మధ్య కోణాన్ని బట్టి ఉంటుంది. కాళ్లు 60 డిగ్రీలు విడిగా ఉంటే ఒక కాలిలో 320 కిలోల లాగుడు, ఇంకో కాలిలో 320 కిలోల నొక్కుడు. ఇంజన్ అడ్డమొచ్చిందనో, చూడ్డానికి సన్నగా ఉంటే బాగుంటుందనో ఆ కోణాన్ని 30 డిగ్రీలకు కుదిస్తే ఒక్కో కాలిలో 600 కిలోలు దాటుతుంది. పైపు అదే, కారు అదే. చాసిస్ వైపు బుష్‌ల మధ్య దూరం ఎంత ఎక్కువ పెట్టగలిగితే అంత పెట్టండని నేను అందరితో పోట్లాడేది ఇందుకే.

అయినా ఈ అంకెలు చూసి బెదరక్కర్లేదు. 25 మి.మీ. బయటి వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న మామూలు మైల్డ్ స్టీల్ పైపును నిలువుగా లాగితే మూడున్నర టన్నుల దాకా శాశ్వతంగా సాగకుండా ఓర్చుకుంటుంది. గుంత లెక్క కలుపుకున్నా ఇంకా చేతిలో మిగులు ఉంటుంది. అసలు సంగతి ఇక్కడే ఉంది, దయచేసి ఇది మాత్రం అచ్చు వేయండి: అదే పైపును ఒక చివర వైస్‌లో బిగించి, 200 మి.మీ. దూరంలో అడ్డంగా 100 కిలోలు వేలాడదీస్తే వంగిపోవడం మొదలవుతుంది. లాగితే మూడున్నర టన్నులు, వంచితే 100 కిలోలు. సస్పెన్షన్ భాగాలు చేయడంలో తెలివి అంతా, ప్రతి పైపునూ ప్రతి బోల్టునూ లాగుడికో నొక్కుడికో మాత్రమే గురి చేసి, వంపు పడకుండా చూడటంలోనే ఉంది. ఎంత లావు పైపు వాడారన్నది ఆ తర్వాతి ప్రశ్న.

వంపు ఎక్కడెక్కడ దొంగతనంగా చొరబడుతుందో చెప్తాను. మొదటిది షాకబ్జార్బర్ మౌంట్. స్ప్రింగుతో కలిసి ఉన్న షాకబ్జార్బర్ కింది చివరను చాలామంది కింది విష్‌బోన్ మధ్యలో బిగిస్తారు, అక్కడైతే చోటు దొరుకుతుంది కాబట్టి. సరిగ్గా మధ్యలో పెడితే చక్రం మీది బరువుకు రెట్టింపు అక్కడ పడుతుంది. మన 600 కిలోల కారులో ఒక్కో మూల స్ప్రింగు మోసే బరువు 130 కిలోలైతే, కారు ఊరికే నిలబడి ఉన్నప్పుడే ఆ మౌంట్ మీద 260 కిలోలు. 300 మి.మీ. పొడవున్న 25 బై 2 పైపు రెండు చివరలా ఆనించి నడుమ బరువు పెడితే వంగడం మొదలయ్యేది దాదాపు అక్కడే, 260 దగ్గరే. మౌంట్‌ను ఒక్క కాలికే వెల్డింగ్ చేస్తే కారును జాకీ మీంచి దించగానే ఆ కాలు వంగే హద్దు అంచున ఉంటుంది. రెండు కాళ్లకూ కలిపి పెడితే బరువు సగమవుతుంది కానీ ఒక గట్టి గుంత చాలు మళ్లీ హద్దు దాటడానికి. అందుకే షాకబ్జార్బర్‌ను బాల్ జాయింట్‌కు ఎంత దగ్గరగా తేగలిగితే అంత తేవాలి, రెండు కాళ్ల మధ్య అడ్డంగా ప్లేటు వేసి దాని మీద మౌంట్ పెట్టాలి, కింది విష్‌బోన్ పైపు పైదాని కన్నా లావుది తీసుకోవాలి. మధ్యలో పెట్టడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది, స్ప్రింగు గట్టిదనంలో చక్రం దగ్గర మిగిలేది నాలుగో వంతే. దాంతో ఇంకా గట్టి స్ప్రింగు కొంటారు, కానీ అది పైపు మీద వంపును తగ్గించదు.

రెండోది రాడ్ ఎండ్. కొందరు రోజ్ జాయింట్ అంటారు, ఒక గుండ్రటి కన్ను, అందులో తిరిగే బంతి, వెనక మరలున్న కాడ. చూడ్డానికి రేసు కారు భాగంలా ఉంటుంది, మరలు తిప్పితే క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం, మారుతుంది, అందుకని పై విష్‌బోన్ మొనకు బాల్ జాయింట్ బదులు దీన్ని పెట్టేస్తారు. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. 12 మి.మీ. రాడ్ ఎండ్ కాడలో మర లోతు పోగా మిగిలేది 10 మి.మీ. కన్నా తక్కువ ఉక్కు. 600 మెగాపాస్కల్ (చదరపు మి.మీ.కు దాదాపు 60 కిలోల బలం) ఓర్చే మంచి స్టీలు అనుకున్నా, నిలువుగా లాగితే ఐదు టన్నులు మోస్తుంది, లాక్ నట్టు నుంచి 40 మి.మీ. బయటికి ఉన్న కన్నును పక్కకు నెడితే 140 కిలోల దగ్గర వంగుతుంది. పైన బ్రేకు లెక్కలో పై జాయింట్ మీద ఎంత వచ్చింది? 120. అది మంచి రోడ్డు మీద. పైగా మర అడుగు అంటే పదునైన గాడి, పగులు పుట్టడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. రాడ్ ఎండ్ వాడాలనుకుంటే విష్‌బోన్ లోపలి చివరల్లో, ఒక్కో కాలికి వరసలో, కాడ పైపుకు సూటిగా ఉండేలా వాడండి, అప్పుడు దాని మీద లాగుడూ నొక్కుడే పడతాయి. బయటి చివర అసలైన బాల్ జాయింట్ పెట్టి, క్యాంబర్ కావాలంటే షిమ్‌లతో, అంటే సందులో దూర్చే పలచటి రేకులతో, సర్దుకోండి. ఎక్కడ వాడినా బంతి ఊడినా కన్ను జారిపోకుండా పక్కన పెద్ద వాషర్ వేయాలి, ఆ వాషర్ కన్ను రంధ్రం కన్నా పెద్దదై ఉండాలి.

సన్నగా తేలిగ్గా చేయడం తప్పని ఎవరైనా అనుకుంటారేమో, కాదు. ఇప్పుడు ఇళ్లలో కట్టే ఈ తరహా కార్లకు మూలమైన లోటస్ సెవెన్ 1957లో వచ్చింది, 1973 నుంచి దాన్ని కేటర్‌హామ్ పేరుతో తయారు చేస్తున్నారు. ఆ మొదటి సెవెన్‌లో పై విష్‌బోన్‌కు రెండు కాళ్లు విడిగా లేవు, ఒక కాలి పని యాంటీ రోల్ బారే (మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) చేసేది. ఒకే కడ్డీతో రెండు పనులు. లోటస్ స్థాపకుడు కాలిన్ చాప్‌మన్ అంత తేలిగ్గా చేయగలిగింది ఏ ముక్క మీద ఏ దిక్కు నుంచి బలం వస్తుందో లెక్కలో ఉండబట్టే. ఆ ఫోటో చూసి సన్నదనాన్ని మాత్రమే కాపీ కొట్టడం ప్రమాదం.

పైపు ఏ రకం అనే వాదనకు ఎక్కువ చోటు ఇవ్వను. క్రోమోలీ, అంటే 4130 స్టీలు, వాడితే గట్టిగా ఉంటుందని అందరూ అంటారు. వంగి అలాగే ఉండిపోయే హద్దు దానిది ఎక్కువ, మైల్డ్ స్టీల్ 250 మెగాపాస్కల్ అయితే అది 430 దాకా వెళ్తుంది. కానీ బలం పడుతున్నప్పుడు సాగే, వంగే తీరు, అంటే స్టిఫ్‌నెస్, అన్ని ఉక్కులకూ ఒకటే. కాబట్టి అదే కొలత పైపు తీసుకుంటే క్రోమోలీ విష్‌బోన్ ఏమీ బిర్రుగా ఉండదు. అది సరైన ఫిల్లర్ రాడ్, నిదానంగా చల్లారనివ్వడం, చేయి తిరిగిన టిగ్ వెల్డర్, ఇవన్నీ అడుగుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు అతుకు లేని మైల్డ్ స్టీల్ పైపు, 2 నుంచి 3 మి.మీ. మందం, చాలు. జింక్ పూత ఉన్న నీళ్ల పైపు మాత్రం ముట్టుకోవద్దు, వెల్డింగ్‌లో ఆ పొగ మనిషికి హాని, అతుకు కూడా బాగా రాదు. అల్యూమినియంతో చేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 6061-టి6 లాంటి రకాన్ని వెల్డింగ్ చేస్తే అతుకు పక్కన దాని బలం సగం కన్నా కిందికి పడిపోతుంది, మళ్లీ పూర్తిగా హీట్ ట్రీట్‌మెంట్ చేస్తే తప్ప తిరిగి రాదు. ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారు?

ఇక జిగ్, అంటే వెల్డింగ్ చేసేటప్పుడు ముక్కలను వాటి చోట కదలకుండా పట్టి ఉంచే చట్రం. ఎవరైనా విష్‌బోన్ చేసుకొచ్చి చూపిస్తే నేను మొదట అడిగేది జిగ్ ఎక్కడ అని. జిగ్ లేకుండా నేల మీద పెట్టి, టేపుతో కొలిచి, ఒకరు పట్టుకుంటే ఒకరు వెల్డింగ్ చేసినవి కుడిదొకలా ఎడమదొకలా ఉంటాయి. 12 మి.మీ. మందం ఉన్న చదునైన ప్లేటు తీసుకోండి. బుష్ గొట్టాలు, బాల్ జాయింట్ కప్పు ఎక్కడ ఉండాలో అక్కడ రంధ్రాలు వేసి, లేత్ మీద తిప్పిన పిన్నులు బోల్టులతో బిగించండి. పైపు చివరలు గొట్టం గుండ్రానికి సరిపోయేలా చేప నోరు ఆకారంలో కోయాలి, తర్వాత అర్ధచంద్రాకారపు ఆకురాయితో సర్దుకోవాలి. పైపు తనంతట తాను వచ్చి కూర్చోవాలి, అతుకు సందులో రేకు ముక్క కూడా దూరకూడదు. సుత్తితో కొట్టి కూర్చోబెట్టాల్సి వచ్చిందంటే తీసి మళ్లీ ఆకురాయి పట్టండి. సందు ఉంటే వెల్డింగ్‌తో పూడ్చేస్తాంలే అంటారు, పూడ్చిన ప్రతి మిల్లీమీటరూ చల్లారేటప్పుడు పైపును తన వైపు లాక్కుంటుంది.

ముందు అన్ని అతుకుల దగ్గరా ట్యాక్, అంటే చిన్న చుక్క వెల్డింగ్, వేసుకుని, కొలతలు మళ్లీ చూసి, ఒకవైపు కొద్దిగా, దానికి ఎదురువైపు కొద్దిగా, అలా మార్చి మార్చి వెల్డింగ్ చేయాలి. బుష్ గొట్టం వేడికి అండాకారంలోకి పోతుంది, ఇది అందరికీ ఎదురయ్యేదే, అందుకే వెల్డింగ్ చేసేటప్పుడు లోపల బిగుతుగా ఇత్తడి దిమ్మ పెట్టండి, గొట్టం లోపలి వ్యాసం కొంచెం తక్కువగా ఉంచుకుని చివర్లో రీమర్ (రంధ్రాన్ని సరైన కొలతకు తెచ్చే పనిముట్టు) వేయండి. అయ్యాక నీళ్లు పోయడం, తడి గుడ్డ పెట్టడం లాంటివి చేయకుండా జిగ్‌లోనే, చేత్తో పట్టుకునేంత చల్లారే దాకా వదిలేయండి. తర్వాత నట్టులు విప్పి పిన్నులు లాగితే చేత్తోనే రావాలి. పిన్ను రాకుండా మొరాయించి, దెబ్బ వేస్తే టప్పున ఊడి విష్‌బోన్ కాస్త ఎగిరిందంటే, లోపల ఎంత బిగువు దాచుకుందో అర్థం చేసుకోండి. అలాంటిది నేనైతే కారుకు పెట్టను. ఒకటి సరిగ్గా వచ్చాక అదే జిగ్ మీద రెండోవైపుది చేస్తే ఎడమా కుడీ తేడా రాదు, రేపెప్పుడో ఒకటి వంగినా అచ్చం అలాంటిదే మళ్లీ చేసుకోవచ్చు. కాబట్టి పనైపోయిందని జిగ్‌ను విప్పేసి ఆ ప్లేటు ఇంకోదానికి వాడేయకండి.

వెల్డింగ్ విషయంలో పైకి కనిపించే అందాన్ని నమ్మొద్దు. నాణేలు పేర్చినట్టు వరసగా ఉన్న మిగ్ వెల్డింగ్ కింద, అడుగున కరగకుండా ఊరికే పైన కూర్చున్న లోహం ఉండొచ్చు, ముఖ్యంగా ఆర్క్ మొదలెట్టిన మొదటి కొద్ది మిల్లీమీటర్లలో. తెలుసుకోవడానికి ఒకటే దారి. విష్‌బోన్‌కు వాడే అదే పైపు, అదే కోణం, మెషీన్ మీద అదే సెట్టింగుతో రెండు మూడు ముక్కలు అతికించి, ఒకదాన్ని అతుకు మధ్య నుంచి నిలువునా కోయండి. కోసిన ముఖాన్ని ఆకురాయితో, తర్వాత నున్నటి ఎమరీ పేపర్‌తో మెరిసేలా రుద్ది, చేతికి గ్లవ్స్ కళ్లకు అద్దాలు పెట్టుకుని పలచటి యాసిడ్ పూస్తే వెల్డింగ్ ఎంత దూరం కరిగి లోపలికి పోయిందో రంగు తేడాతో స్పష్టంగా కనిపిస్తుంది. అతుకు మూల దాకా, రెండు ముక్కల్లోకీ, అది కొరుక్కుని ఉండాలి. ఇంకో ముక్కను వైస్‌లో పెట్టి పెద్ద సుత్తితో కొట్టండి, పైపు నలగాలి గానీ అతుకు విడకూడదు. ఇది నెగ్గాకే అసలు పైపు ముట్టుకోండి. ఇంట్లో కట్టేవాళ్లు పైపులు కోసి, జిగ్ చేసి, ట్యాక్ వేసుకుని, చివరి వెల్డింగ్‌కు మాత్రం ప్రెషర్ పైపుల పని చేసే వెల్డర్ దగ్గరికి తీసుకెళ్తే అది మంచి పద్ధతి, అందులో నామోషీ ఏమీ లేదు. అయ్యాక గ్రైండర్ పెట్టి వెల్డింగ్‌ను నున్నగా చేయడం మాత్రం వద్దు. బలాన్ని మోసే లోహాన్నే మీరు గీకేస్తున్నారు.

ఒకరు చూడమని తెచ్చిన కింది విష్‌బోన్ గురించి చెప్తాను. నల్లటి పౌడర్ కోటింగ్, అద్దంలా మెరుస్తోంది. షాకబ్జార్బర్ బ్రాకెట్ మూల దగ్గర గోరంత పొడవున సన్నటి తుప్పు గీత ఒకటి ఉంది. గుడ్డతో తుడిస్తే పోయింది, కాసేపటికి వేలితో నొక్కి రుద్దితే మళ్లీ అక్కడే వచ్చింది. కోటింగ్ గీకి చూస్తే వెల్డింగ్ అంచు వెంబడి పగులు, పైపు చుట్టుకొలతలో దాదాపు మూడో వంతు దాకా పోయింది. దాన్ని తెగ్గొట్టి చూశాం. పాత పగులు పాకిన మేర ముఖమంతా ముదురు గోధుమ రంగులో తుప్పు పట్టి ఉంది, అప్పుడే విరిగిన మేర తెల్లగా మెరుస్తోంది. అంటే చాలాకాలంగా కొంచెం కొంచెంగా పాకుతూ వచ్చింది, బండి మాత్రం తిరుగుతూనే ఉంది. కారణం చూస్తే పెద్దదేమీ కాదు. బ్రాకెట్ మూలలు చతురస్రంగా కోసి, వెల్డింగ్‌ను సరిగ్గా ఆ మూల దగ్గర ఆపేశారు. బలమంతా వచ్చి ఆ ఒక్క బిందువు దగ్గర పోగైంది. మూలలు గుండ్రంగా తీసి, వెల్డింగ్‌ను మూల చుట్టూ తిప్పి అవతలి దాకా తీసుకెళ్లి ఉంటే సరిపోయేది. అప్పటి నుంచి నేను అందరికీ చెప్పేది, సస్పెన్షన్‌కు మందపాటి కోటింగ్ వద్దు, లేత రంగు పెయింటు పలచగా వేయండి, తుప్పు గీత వస్తే దూరం నుంచే కనిపించాలి. క్రోమ్ పూత అసలే వద్దు, ఆ ప్రక్రియలో హైడ్రోజన్ లోపలికి చేరి గట్టి ఉక్కును పెళుసుగా మార్చేస్తుంది.

బోల్టులు, బ్రాకెట్ల గురించి కూడా కొంచెం. బోల్టు తల మీద 8.8 అని గానీ 10.9 అని గానీ ఉండాలి. 8.8 అంటే తెగే బలం 800 మెగాపాస్కల్, అందులో పదికి ఎనిమిది వంతుల దాకా సాగకుండా నిలుస్తుంది. ఏ అంకె లేని బోల్టు సస్పెన్షన్‌లోకి రాకూడదు. బ్రాకెట్ రెండు చెవులతో ఉండి బోల్టు రెండు వైపులా ఆనాలి, ఒక్క చెవికి వేలాడే బోల్టు మళ్లీ వంపు కిందికే వస్తుంది. చెవులు ఆనే చోట బోల్టు నున్నటి భాగం ఉండాలి, మరలు కాదు. పొడవైన బోల్టు తెచ్చి మర ఉన్న అదనపు భాగాన్ని కోసేస్తే ఇది సులువుగా కుదురుతుంది. బుష్ లోపలి స్టీలు గొట్టం, పాలీయురెథేన్ కన్నా వెంట్రుకవాసి పొడవుండాలి, అప్పుడే బోల్టు బిగిస్తే ఆ గొట్టం కదలకుండా ఉండి బుష్ దాని మీద తిరుగుతుంది. పొట్టిగా ఉంటే బుష్‌నే నొక్కేసి, విష్‌బోన్ పైకీ కిందికీ స్వేచ్ఛగా ఆడదు. చాసిస్ వైపు బ్రాకెట్‌ను రెండు మూడు పైపులు కలిసే చోటికి దగ్గరగా పెట్టండి, ఒంటరి పైపు నడుమ పెడితే ఈసారి వంగేది చాసిస్.

నకిల్ మాత్రం కొత్తగా చేయొద్దనే నా సలహా. ఏదైనా కంపెనీ కారుది తీసుకుని, దాని బాల్ జాయింట్ల దూరాలను బట్టే విష్‌బోన్లు గీసుకోండి. ఫోర్జింగ్ చేసిందైనా, పోత పోసిందైనా దాన్ని వేడి చేయడం, వంచడం, దాని మీద వెల్డింగ్ చేయడం ఏదీ చేయొద్దు.

అన్నీ బిగించాక స్ప్రింగులు పెట్టకుండా ఒక పరీక్ష చేయాలి, దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. హబ్బుకు ఒక చదునైన ప్లేటు బిగించి, దానికి ముందొకటి వెనకొకటి డయల్ గేజులు (సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలత పరికరాలు) ఆనించి, చక్రాన్ని 50 మి.మీ. పైకి, 50 మి.మీ. కిందికి ఆడించి చూడండి. స్టీరింగ్ కదలకుండా బిగించి ఉన్నా రెండు గేజులూ తలో అంకె చూపిస్తే చక్రం దానంతట అదే తిరుగుతోందన్నమాట. దీన్నే బంప్ స్టీర్ అంటారు. టై రాడ్ పొడవు, స్టీరింగ్ ర్యాక్ ఎత్తు విష్‌బోన్ల గీతలతో కుదరకపోవడం వల్ల వస్తుంది. ర్యాక్ కింద రెండు మూడు మిల్లీమీటర్ల షిమ్ వేస్తేనే చాలా మార్పు కనిపిస్తుంది, అందుకని ర్యాక్ బ్రాకెట్లను పూర్తిగా వెల్డింగ్ చేయకముందే ఈ పరీక్ష చేయండి. క్యాస్టర్, క్యాంబర్, టో లాంటి చక్రాల కోణాలు సర్దడం అన్నీ దీని తర్వాతే.

కొద్ది దూరం తిప్పాక అన్నీ విప్పి చూడాలి. బోల్టు బిగించినప్పుడు నట్టు మీదుగా బ్రాకెట్ దాకా పెయింటుతో ఒక గీత గీసి ఉంచితే, నట్టు కదిలిందో లేదో ఆ గీత విరగడం చూసి చెప్పొచ్చు. నైలాన్ ఉన్న నట్టులు ఒకసారి విప్పాక పారేయండి. అతుకుల మీద డై పెనెట్రెంట్ వేయండి, ఎర్ర ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లితే పగులు ఉన్నచోట ఎర్ర గీత పైకి తేలుతుంది. తేలితే దాని మీద ఇంకో పొర వెల్డింగ్ వేసి నడిపేయొద్దు. ఆ విష్‌బోన్‌ను రెండు ముక్కలుగా కోసి, ఎవరూ మళ్లీ వాడకుండా చేసి, జిగ్ మీద కొత్తది చేసుకోండి.

సంపాదకులకు నా విన్నపం ఇంతే. ఇలాంటి కార్ల గురించి మళ్లీ తప్పకుండా రాయండి, ఇంకా ఎక్కువ రాయండి. రాసేటప్పుడు బానెట్ ఎత్తి తీసే ఫోటోతో పాటు, ముందు చక్రం విప్పించి లోపలి ఫోటో కూడా ఒకటి వేయండి. ఆ కారు కట్టినవాళ్లను మూడు వస్తువులు చూపించమనండి: విష్‌బోన్లు చేసిన జిగ్, కోసి చూసిన వెల్డింగ్ ముక్క, బ్రేకు కొట్టినప్పుడు కింది బాల్ జాయింట్ మీద ఎంత పడుతుందో లెక్క వేసిన కాగితం. మూడూ ఉంటే వాటి ఫోటోలు కూడా వేయండి, చూసి నేర్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇట్లు
ఒక ఫ్యాబ్రికేటర్, మీ పాఠకుడు